బావి నీళ్ళలో రేడియోధార్మికత: మందు నుంచి ముప్పు దాకా

కేంబ్రిడ్జి కుళాయి నీళ్ళలో ఒక రేడియోధార్మిక వాయువు ఉందని జె.జె. థామ్సన్ 1903 ప్రాంతంలో గుర్తించాడు. ఆ నీళ్ళు లోతైన బావులవి. రేడియం బయటపడి అప్పటికి అయిదేళ్ళే. యూరప్‌లో పేరుమోసిన వేడి ఊటల్లోనూ ఇదే వాయువు, అంటే రాడాన్, కనిపించేసరికి వాటి మహిమంతా దానిదేనని చాలామంది వైద్యులు నమ్మారు. రాడాన్ 3.8 రోజులకు సగమైపోతుంది, సీసాలో నిలవదు. ఆ లోటు తీరుస్తామంటూ అమెరికాలో రివిగేటర్ అనే కూజా అమ్మారు. దాని లోపలి గోడకు రేడియమున్న ఖనిజం ఉండేది. రాత్రి నీళ్ళు పోసి, మర్నాడు తాగాలి. ఆ వెర్రి అక్కడితో ఆగలేదు. రేడియం కలిపిన రాడిథార్ నీళ్ళను ఏళ్ళ తరబడి తాగిన ఎబెన్ బయర్స్ అనే పారిశ్రామికవేత్తకు దవడ ఎముక పాడైంది. 1932లో చనిపోయాడు. రేడియం కాల్షియం లాగే ఎముకల్లో చేరుతుందన్న సంగతి జనానికి అంత ఘోరంగా తెలిసింది.

సహజంగా నీటిలో ఉండే రేడియానికి అమెరికా 1976లో లీటరుకు 5 పికోక్యూరీల హద్దు పెట్టింది. రాడాన్ సంగతి వేరు. స్నానం చేస్తున్నప్పుడు, బట్టలుతుకుతున్నప్పుడు అది నీటిని వదిలి గాలిలో కలుస్తుంది. అలా నీటి నుంచి గాలిలో కలిసిన రాడాన్‌ను పీల్చడం వల్ల అమెరికాలో ఏటా సుమారు 160 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోతున్నారని అక్కడి జాతీయ పరిశోధనా మండలి 1999లో అంచనా కట్టింది.

యురేనియం దగ్గర కథ మరో మలుపు తిరిగింది. గ్రానైట్‌లోకి వేసిన బోర్ల నీళ్ళు తాగే 325 మందిని ఫిన్లాండ్ పరిశోధకులు పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. నీటిలో యురేనియం పెరిగేకొద్దీ మూత్రంలో పోయే కాల్షియం పెరిగింది. ఇది కిడ్నీ నాళికల పనితీరు మారుతోందనడానికి గుర్తు. ఇక్కడ ముందుగా భయపడాల్సింది రేడియేషన్‌కు కాదు, ఆ లోహపు రసాయన స్వభావానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములు, 2004లో 15, 2011లో 30. ఈ పెరుగుదలను చూసి ప్రమాదం తగ్గిందనుకోవడం తప్పు. సాక్ష్యం ఇంకా చాలలేదు కనుకే దాన్ని తాత్కాలిక హద్దు అన్నారు.

మన దేశంలో ఈ ప్రశ్నకు ఊపిచ్చింది డ్యూక్ విశ్వవిద్యాలయం 2018లో వెలువరించిన అధ్యయనం. రాజస్థాన్‌లో పరీక్షించిన బావుల్లో దాదాపు మూడో వంతు ఆ 30 మైక్రోగ్రాముల హద్దు దాటాయి. మూలం అక్కడి రాళ్ళే. అయితే నీటిమట్టం పడిపోవడం, ఎరువుల నైట్రేట్ ఆ యురేనియాన్ని కరిగించడానికి తోడయ్యాయని పరిశోధకుల అభిప్రాయం. నల్లగొండ వాళ్ళకిది దూరపు కబురు కాదు. ఫ్లోరైడ్ తాగించిన గ్రానైట్ నేల అక్కడిది. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం నిక్షేపాలే ఉన్నాయి. అయినా బోరు వేయించినప్పుడు ఎన్ని అంగుళాల నీళ్ళు పడ్డాయనే అడుగుతాం. యురేనియం పరీక్ష మాట ఎత్తం.

నీటిని బాగా గాలి తగలనిస్తే రాడాన్ పోతుంది. యురేనియం మాత్రం కాచినా పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. దాన్ని తీయాలంటే ఆర్వో గానీ అయాన్ మార్పిడి వడపోత గానీ కావాలి.