కోర్టుకెక్కితే మాట తప్పినట్లేనా?

ఓ ఆదివారం క్లేటన్‌లోని మా ఇంట్లో ఇద్దరు వ్యాపార భాగస్వాములు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

"తగవొస్తే మధ్యవర్తి దగ్గరికే వెళ్దామని సంతకం పెట్టాం. దావా వేసి మాట తప్పావు" అన్నారు పెద్దాయన.

"సంతకంతో కోర్టుకెళ్ళే హక్కు పోతుందా, బాబాయ్?" అన్నాడు చిన్నవాడు.

ఇది పాత ప్రశ్నే. మన రచ్చబండ తీర్పులను మెచ్చిన థామస్ మన్రో చొరవతో 1816లో మద్రాసు ప్రెసిడెన్సీ చట్టాల్లో పంచాయతీలకు చోటు దొరికింది. జనం మాత్రం వాటిని పెద్దగా వాడుకోలేదు. ఒప్పందాలతో తమ అధికారం పోదని ఇంగ్లండు కోర్టులు అంటూ వచ్చాయి. అయితే ముందు మధ్యవర్తి తీర్పు, ఆ తర్వాతే దావా అనే షరతు చెల్లుతుందని 1856లో స్కాట్, ఏవరీల కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఇండియాలో 1877 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఇంకో మెలిక పెట్టింది: మధ్యవర్తి దగ్గరికి వెళ్ళమని ఎవరినీ బలవంతపెట్టలేం, కానీ వెళ్ళనని దావా వేస్తే ఆ ఒప్పందమే దానికి అడ్డు.

ఇండియా 1996 చట్టంలోనూ, ఇక్కడి విక్టోరియా 2011 చట్టంలోనూ ఇది 8వ సెక్షనే. ఎదుటివారు తమ మొదటి జవాబు దాఖలు చేసేలోగా అడిగితే, చెల్లే ఒప్పందమున్న తగవును కోర్టు మధ్యవర్తికి పంపాలి. అడక్కుండా వాదనలోకి దిగితే ఆ అవకాశం జారిపోతుంది. ఆస్తిని కాపాడమంటూ తాత్కాలిక ఉత్తర్వు కోరడం మాత్రం ఒప్పందానికి విరుద్ధం కాదు.

అంటే తగవు మొత్తాన్నీ కోర్టుకీడ్చడం మాట తప్పడమే. కానీ అంతటితో ఆ మాట చెల్లకుండా పోదు.

"ఇంకా జవాబు దాఖలు చెయ్యలేదు" అన్నారు పెద్దాయన. చిన్నవాడు తలెత్తి ఆయనవైపు చూశాడు.