గర్భిణులు పరుగెత్తవచ్చా? వ్యాయామం ఎంతవరకు, ఎప్పుడు ఆపాలి?

గర్భం అని తెలియగానే ఇంట్లో పెద్దవాళ్లు అనే మొదటి మాట: "ఇక ఎక్కువ కదలకు, రెస్ట్ తీసుకో." దాదీ, నానీ ప్రేమతోనే అంటారు. కానీ ఏ ఇబ్బందీ లేని గర్భిణికి రోజంతా పడుకుని ఉండటం మేలు చేయదు. నడక, అలవాటున్నవాళ్లకు మెల్లని పరుగు తల్లికీ బిడ్డకీ మంచివే.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈజిప్టు క్రీడాకారిణి నదా హాఫెజ్ ఏడు నెలల గర్భంతో ఫెన్సింగ్ బరిలోకి దిగి, మొదటి మ్యాచ్ గెలిచారు. 2014లో అమెరికా రన్నర్ అలీసియా మోంటానో ఎనిమిదో నెలలో 800 మీటర్ల పోటీలో పరుగెత్తారు. వీళ్లు ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాళ్లు. మనం వాళ్లలా పోటీ పడనక్కర్లేదు. గర్భం జబ్బు కాదని మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

ఎంత చేయాలి?

ఇబ్బందులు లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. ముందు నుంచి పరుగు అలవాటున్నవాళ్లు డాక్టర్ సరేనంటే వేగం తగ్గించి కొనసాగించవచ్చు. అలవాటు లేనివాళ్లు పరుగుతో మొదలుపెట్టకూడదు. పది నిమిషాల నడకతో ప్రారంభించి మెల్లగా పెంచాలి.

మోతాదు తెలుసుకోవడం సులువు. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఆయాసం వస్తుంటే వేగం తగ్గించాలి.

దీనివల్ల గర్భంతో వచ్చే షుగర్, బీపీ ముప్పు తగ్గుతుంది. బరువు అతిగా పెరగదు, నడుం నొప్పి కూడా తగ్గవచ్చు.

నడిస్తే గర్భం పోతుందా?

చాలా ఇళ్లలో ఉన్న భయం ఇదే. తొలి నెలల్లో జరిగే గర్భస్రావాల్లో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల లోపాల వల్లే జరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి మామూలుగా నడిస్తే గర్భం పోదు. "నువ్వు తిరిగావు కాబట్టే పోయింది" అని కోడలిని నిందించడం అన్యాయం.

ఎవరు చేయకూడదు?

మాయ కిందికి ఉన్నవాళ్లు, రక్తస్రావం అవుతున్నవాళ్లు, గర్భాశయ ముఖద్వారానికి కుట్లు వేయించుకున్నవాళ్లు, బీపీ బాగా పెరిగినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, నెలలు నిండకుండా నొప్పులు వస్తున్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా వ్యాయామం చేయవద్దు. తీవ్రమైన రక్తహీనత ఉన్నవాళ్లూ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు.

వెంటనే ఆపాల్సిన సూచనలు

రక్తం కనిపించడం, ఉమ్మనీరు కారడం, ఆగి ఆగి వచ్చే కడుపు నొప్పులు, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, తీవ్రమైన తలనొప్పి, ఒక పిక్కలో నొప్పి లేదా వాపు. వీటిలో ఏది వచ్చినా ఆపేసి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. బిడ్డ కదలికలు తగ్గినా ఆలస్యం చేయవద్దు.

మన ఇళ్లలో ఎలా?

ఎండలో వద్దు. ఫజర్ తర్వాత లేదా సాయంత్రం చల్లబడ్డాక నడవండి, నీళ్లు తాగండి. బయటికి వెళ్లే వీలు లేకపోతే డాబా మీద, వరండాలో నడిచినా సరిపోతుంది. నెలలు పెరిగేకొద్దీ కీళ్లు వదులై, పొట్ట బరువుకు తూకం తప్పుతుంది. అందుకే జారని బూట్లు వేసుకుని చదునైన నేల మీదే నడవాలి. నాలుగో నెల నుంచి వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాలు మానాలి.

నమాజులో సజ్దా నుంచి లేచేటప్పుడు కళ్లు తిరగకుండా మెల్లగా లేవండి. నిలబడటం కష్టమైతే కూర్చుని చదివే వెసులుబాటు ఉంది. రంజాన్‌లో తనకో బిడ్డకో హాని జరుగుతుందని భయం ఉన్న గర్భిణికి రోజా విషయంలో షరీఅత్ సడలింపు ఇచ్చింది. రోజా ఉంటున్నవాళ్లు పగలు వ్యాయామం మానుకుని, ఇఫ్తార్ అయ్యి కాస్త తిన్నది అరిగాక నడవాలి.

కాన్పు తర్వాత ఒళ్లు కుదుటపడగానే మెల్లగా నడక మొదలుపెట్టవచ్చు. పరుగుకు మాత్రం సుమారు మూడు నెలలు ఆగడం మంచిది. సిజేరియన్ అయినవాళ్లు డాక్టర్ అనుమతి తీసుకోవాలి.

ఇంట్లో వాళ్లు "కదలకు" అనే బదులు, ఓ అరగంట పక్కన నడవడానికి తోడు వెళితే అదే పెద్ద సాయం.