మోకీలు మార్పిడి నొప్పికి స్థానిక మత్తు: చరిత్ర

అరిగిన మోకీలు స్థానంలో లోహం, ప్లాస్టిక్‌లతో చేసిన కీలును అమర్చాక మొదటి రెండు మూడు రోజులు నొప్పి తీవ్రంగా ఉంటుంది. రోగి స్పృహ తప్పకుండానే ఆ నొప్పి మెదడుకు చేరకుండా నరాల దగ్గరే అడ్డుకునేవి స్థానిక మత్తుమందులు.

తొలి దశ

గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం ఏలుబడిలో ఉన్న కాలంలో శస్త్రచికిత్సలకు క్లోరోఫాం వాడేవారు. దాని భద్రతను తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో, వైద్యుడు ఎడ్వర్డ్ లారీ చొరవతో హైదరాబాదులో 1888, 1889ల్లో రెండు కమిషన్లు పనిచేశాయి. ఊపిరిని గమనిస్తూ ఉంటే చాలునని అవి చెప్పాయి. క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపడంతో ఆ నిర్ణయం నిలవలేదు.

ఒళ్లంతటికీ మత్తు ఇవ్వనక్కరలేని దారి అప్పటికే తెరుచుకుంది. 1884లో కార్ల్ కోలర్ కొకెయిన్‌తో కంటిని మొద్దుబార్చాడు. 1898లో ఆగస్ట్ బీర్ వెన్నులోకి అదే మందు ఎక్కించి కాలికి శస్త్రచికిత్స చేశాడు. తర్వాత లిడోకెయిన్ (1943), ఎక్కువసేపు పనిచేసే బుపివకెయిన్ (1957) తయారయ్యాయి.

మోకీలుకు

1970లలో నేటి తరహా కృత్రిమ మోకీళ్లు వచ్చాయి. వాటి నొప్పికి వెన్ను దగ్గర సన్నటి గొట్టం ద్వారా మందు ఇచ్చేవారు; రక్తపోటు పడిపోవడం, మూత్రం ఆగిపోవడం దాని ఇబ్బందులు. తొడ నరానికి ఇచ్చే సూది నొప్పిని బాగా తగ్గించినా, తొడ కండరం పట్టు తప్పి రోగి పడిపోయే ప్రమాదం ఉండేది. సిడ్నీ వైద్యులు కెర్, కోహన్ కీలు చుట్టూ కణజాలంలోకే రోపివకెయిన్, కీటోరోలాక్, అడ్రినలిన్ మిశ్రమం ఎక్కించే పద్ధతిని 2008లో ప్రచురించారు. 2010 తర్వాత, తొడ లోపలి వైపు అల్ట్రాసౌండ్ సాయంతో ఇచ్చే ‘అడక్టర్ కెనాల్ బ్లాక్’ వ్యాపించింది. దీనిలో కండరాల బలం చాలావరకు మిగులుతుంది కాబట్టి రోగిని త్వరగా నడిపించవచ్చు.

మోతాదు మించినా, మందు రక్తనాళంలోకి పోయినా మూర్ఛ, గుండె లయ తప్పడం సంభవిస్తాయి. అలాంటప్పుడు కొవ్వు ద్రావణాన్ని సిర ద్వారా ఎక్కిస్తారు.

మూడు జిల్లాల్లో

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరులో ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడివడ్డాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో మొదలయ్యాయి. గద్వాల కళాశాలకు 2024లో అనుమతి వచ్చింది. ఈ కళాశాలల ఆసుపత్రుల్లోనైనా అడక్టర్ కెనాల్ బ్లాక్ లాంటి సూదులకు అల్ట్రాసౌండ్ యంత్రంతో పాటు శిక్షణ పొందిన మత్తు వైద్యుడు, అత్యవసర మందులు తప్పనిసరి.