ఉద్యోగాలు మారాయి, ప్రశ్న మారలేదు: మన భీమవరం సుబ్బారావు గారి కథ

మొన్న అమలాపురం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, జాబ్‌లో చేరి మూడేళ్లయింది. ఇది నా పని కాదనిపిస్తోంది. మానేద్దామంటే భయం, ఇంట్లో చెప్పాలంటే ఇంకా భయం" అని. ఆ భయం నాకూ తెలుసు. ఐదేళ్లు చేసిన ఉద్యోగం వదిలేసి నేను ఊరొచ్చినప్పుడు, వీధిలో కనబడ్డ ప్రతివాళ్లూ "ఏం బాబూ, సెలవులా?" అని అడిగేవారు. వారం రోజులు గుమ్మం దాటలేదు నేను.

ఆ తమ్ముడికి సలహా చెప్పే అర్హత నాకు లేదు గానీ, మన డెల్టాలోనే పుట్టిన ఒకాయన కథ చెప్తాను. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు.

గొప్ప శాస్త్రవేత్త కదా, చిన్నప్పటి నుంచీ ఫస్టే అనుకుంటాం. కాదండి. రాజమండ్రిలో చదువు సరిగ్గా సాగలేదు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది, అది కూడా మద్రాసు వెళ్లాక. ఆ తర్వాత సన్యాసం తీసుకుని రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. తల్లి వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. జనానికి సేవే చెయ్యాలనుకుంటే వైద్యం చదివి చెయ్యొచ్చు కదా అన్న దారి అప్పుడు తెరుచుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

అక్కడా చిక్కే. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువైన ఎల్‌ఎంఎస్ చేతికిచ్చారు. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. సన్యాసి కాబోయి డాక్టర్, డాక్టర్ కాబోయి మాస్టారు. బయట నుంచి చూస్తే "ఈ కుర్రాడికి నిలకడ లేదు" అంటాం. కానీ లోపల ఒక దారం తెగకుండా ఉంది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. అదే జబ్బు ఈయనకీ వచ్చి, తృటిలో బతికారు. ఈ రోగాలకి మందేదీ అన్నది ఆయన ప్రశ్న. ఉద్యోగాలు మారాయి గానీ, ప్రశ్న మారలేదు.

కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం మాటిచ్చింది, మామగారు డబ్బు సర్దారు. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు. ఖర్చులకి చాలక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. డాక్టరు చదువు చదివిన మనిషి!

ఏమీ రెజ్‌నెస్కీ అనే అమెరికన్ పరిశోధకురాలు తన తోటివాళ్లతో కలిసి 1997లో ఒక మాట చెప్పారు. పనిని మనుషులు మూడు రకాలుగా చూస్తారట: జీతం కోసం చేసేది, పైకి ఎదగడానికి చేసేది, ఇది నా పని అని చేసేది. ఆవిడ తర్వాత ఆసుపత్రి క్లీనర్ల మీద కూడా పరిశోధన చేశారు. ఒకే పని చేసేవాళ్లలో కొందరు "తుడుస్తున్నాం" అనుకుంటే, కొందరు "రోగి కోలుకోవడంలో మాకూ చెయ్యి ఉంది" అనుకుంటారట. అంటే అర్థం అనేది ఉద్యోగం పేరులోనే ఉండదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తెచ్చారు. ఇప్పటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులకి ఆ పద్ధతి తెలుసు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పనిచేశారు. అయినా పర్మనెంట్ పోస్టు రాలేదు. 1940లో, నలభై అయిదేళ్ల వయసులో, యూనివర్సిటీ వదిలి లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు.

అక్కడే ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూ చికిత్సలో తర్వాత వాడిన మందు అదే. ఫోలిక్ యాసిడ్‌కి ఎదురు పనిచేసే మందులు పిల్లల బ్లడ్ క్యాన్సర్ చికిత్సకి దారి తీశాయి. ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ వచ్చింది. బోదకాలు పురుగు మీద పనిచేసే హెట్రజాన్ కూడా అక్కడిదే.

ఈ కథకి ఇంకో వైపు కూడా ఉంది, అది దాచకూడదు. 1922లో వెళ్లిన మనిషి మళ్లీ ఇండియా రాలేదు. భార్య శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, అమెరికాలోనే పోయారు. "నీకు నచ్చింది చెయ్" అని చెప్పడం తేలిక. ఆ నచ్చిన పనికి ఖరీదు కట్టేది మనం ఒక్కళ్లమే కాదు.

అందుకే ఆ తమ్ముడికి నేను "మానెయ్" అనను, "ఉండు" అని కూడా అనను. ఏ సంగతి నిన్ను నిద్రపోనివ్వదో ముందు చూసుకో అంటాను. ఇప్పుడున్న ఉద్యోగంలోనే దానికి చోటుందేమో వెతుకు. లేకపోతే సాయంత్రాలు, ఆదివారాలు చిన్నగా మొదలుపెట్టి చూడు. ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడు, ఖరీదులో వాళ్ల వాటా కూడా ఉంది కాబట్టి.

మా మామ్మకి బోదకాలు ఉండేది. చిన్నప్పుడు మా ఇంటికి ఆరోగ్యశాఖవాళ్లు వచ్చి, మా అందరి చేతా ఎదురుగా నిలబడి మాత్రలు మింగించేవారు. డీఈసీ మాత్రలు. మామ్మ కాలు తగ్గలేదు గానీ, మా తరంలో మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు రాలేదు. డీఈసీ అంటే హెట్రజానే అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. భీమవరం నుంచి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. ఆయన పని మాత్రం మా వీధి దాకా వచ్చింది.