కాళాస్త్రి గుడ్డా, కంప్యూటర్లో బొమ్మల నవలా

విజువల్ నావెల్ అంటే మా ఆఫీసులో ఇప్పటికీ చాలామందికి తెలీదు. ఒకరోజు లంచ్ టైములో నా స్క్రీన్ చూసి మా టీమ్‌లో ఒకాయన, "గేమ్ అంటావు, ఇందులో ఆడేదేముంది? చదవడమేగా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. తెర నిండా ఒక బొమ్మ, కింద డబ్బాలో రెండు మూడు లైన్ల మాటలు, మౌస్ నొక్కితే తర్వాతి మాట. ఎప్పుడో ఒకసారి "ఇటు పోతావా, అటు పోతావా" అని అడుగుతుంది. అంతే. కాల్చేది లేదు, దూకేది లేదు. అయినా ఒక్కోదానికి పది గంటలు, ఒక్కోదానికి యాభై గంటలు కూర్చుని చదివేవాళ్ళున్నారు. వాళ్ళలో నేనొకణ్ణి.

నాకు ఈ పిచ్చి పట్టింది 2017లో, తిరుపతిలో బీటెక్ చదివేటప్పుడు. హాస్టల్లో ఎవడో పెన్‌డ్రైవ్‌లో 'డోకి డోకి లిటరేచర్ క్లబ్' పట్టుకొచ్చాడు. డాన్ సాల్వటో అనే ఆయన చిన్న టీమ్‌తో చేసి ఉచితంగా వదిలిన గేమ్. ముద్దుముద్దు బొమ్మలు చూసి నవ్వుకుంటూ మొదలుపెట్టాం. సగం దాటాక గదిలో లైటు ఆర్పడానికి ఎవడికీ ధైర్యం చాల్లేదు. ఆ తర్వాత ఒకటొకటిగా వెతుక్కుని ఆడాను. ఇప్పుడు లెక్కేసుకుంటే ఆడిన గంటలకంటే, రాబోయేదాని కోసం ఎదురుచూసిన నెలలే జాస్తి. 'స్లే ద ప్రిన్సెస్' డెమో ఆడేసి, 2023 అక్టోబర్లో పూర్తి గేమ్ వచ్చేదాకా ఆ యువరాణిని ఎందుకు చంపాలో ఆలోచిస్తూ ఎన్ని స్టాండప్ మీటింగుల్లో పరధ్యానంగా ఉన్నానో మా మేనేజర్‌కి తెలీకపోవడమే మంచిది.

అసలు ఈ ఎదురుచూపు ఎక్కడ మొదలైందో చూద్దామని చరిత్ర తవ్వుతుంటే, నేను మా ఊరి పక్కకే వచ్చి పడ్డాను. ముందు జపాన్ సంగతి చెప్తాను, ఓపిక పట్టండి.

1983లో యూజి హొరి 'పోర్టోపియా' అని ఒక హత్య కేసు గేమ్ చేశాడు. బొమ్మ చూసి, మాటలు చదివి, నేరస్థుణ్ణి పట్టుకోవాలి. 1992లో చున్‌సాఫ్ట్ వాళ్ళు 'ఒతోగిరిసో' తెచ్చి దానికి సౌండ్ నావెల్ అని పేరు పెట్టుకున్నారు. 1996లో లీఫ్ అనే కంపెనీ 'షిజుకు' గేమ్‌తో విజువల్ నావెల్ అనే పేరు వాడింది, అదే నిలిచిపోయింది. ఇవన్నీ కంపెనీల పనులు. నాకు ఆసక్తి ఆ తర్వాత జరిగినదాని మీద.

టోక్యోలో 1975 నుంచి కామికెట్ అని ఒక సంత జరుగుతోంది. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి. సొంతంగా గీసుకున్న, రాసుకున్న పుస్తకాలు బల్లమీద పెట్టుకుని అమ్ముకుంటారు. 2000 చలికాలంలో టైప్‌మూన్ అనే స్నేహితుల గుంపు 'త్సుకిహిమె' గేమ్‌ని అక్కడే అమ్మింది. 2002 ఆగస్టులో ర్యూకిషి07 అని పేరు పెట్టుకున్న ఒకాయన 'హిగురాషి' మొదటి భాగం తెచ్చాడు. ఆయనకి బొమ్మలు గీయడం పెద్దగా రాదు, మనుషుల చేతులు చూస్తే రొట్టెల్లా ఉంటాయి. వెనక సీన్లు ఫోటోలు తీసి ఫిల్టర్ వేసినవి. అందులో ఆటగాడు ఎంచుకోవడానికి ఒక్క ఆప్షన్ కూడా లేదు. ఉత్తగా చదువుతూ పోవడమే. మొత్తం ఎనిమిది భాగాలు, చివరిది 2006 ఆగస్టులో వచ్చింది. మొదటి నాలుగూ ప్రశ్నలు, తర్వాతి నాలుగూ జవాబులు. భాగానికీ భాగానికీ మధ్య ఆర్నెల్లు, ఒకసారి ఏడాది. ఆ మధ్యకాలంలో చదివినవాళ్ళు ఎవరు ఎవర్ని చంపారో వాదించుకుంటూ బతికారు. ఆప్షన్లు లేని గేమ్‌ని గేమ్ అని ఎందుకంటారని చాలామంది అడుగుతారు. నా దృష్టిలో ఆట ఆ ఆర్నెల్లలోనే ఉంది.

ఇది చదువుతుంటే నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

చిత్తూరు జిల్లావాళ్ళకి భారతం అంటే పుస్తకం కాదు. ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర జరిగే పద్దెనిమిది రోజుల ఉత్సవం. పగలు హరికథ, రాత్రి నాటకం. ఈరోజు బకాసుర వధ, రేపు ద్రౌపది కల్యాణం, ఎల్లుండి ఇంకొకటి అని వరస ఉంటుంది. అర్జునుడి తపస్సు రోజున వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఆకాశమంత తపస్సు మాను ఎక్కుతాడు. పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో దాని చుట్టూ సాష్టాంగపడి ఉంటారు, పైనుంచి అతను విసిరే నిమ్మకాయ కోసం. చివరి రోజు నేలమీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుడు, భీముడు వచ్చి తొడ పగలగొడతాడు. సాయంత్రం అగ్నిగుండం.

మా అవ్వ దాదాపు అరవై ఏళ్ళు చూసింది ఆ భారతాన్ని. దుర్యోధనుడు చస్తాడని ఆమెకి తెలీదా? అయినా పదిహేడో రోజు రాత్రి నిద్రపోయేది కాదు. "రేపు ఏమైతాదో చూడల్ల" అనేది. చిన్నప్పుడు నవ్వేవాణ్ణి. ముగింపు తెలిసిన కథకోసం ఎదురుచూడ్డమేంటని. ఇప్పుడు నేను అదే గేమ్‌ని మూడోసారి ఆడుతూ అదే సీన్ దగ్గర గుండె పట్టుకుంటున్నాను కాబట్టి నవ్వే హక్కు పోయింది :-)

కానీ నాటకం నాటకమే. బొమ్మ, దానికింద అక్షరాలు, ఒకటి చదివి ఇంకోదానికి జరగడం, ఈ మూడూ కలిసింది వెతికితే తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపలే దొరికింది. శ్రీకాళహస్తి, మా నోట్లో కాళాస్త్రి. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇప్పుడది తిరుపతి జిల్లా.

కలంకారీ అనగానే మనకు చీరలు, దుపట్టాలు, దిండు గలీబులు గుర్తొస్తాయి. మచిలీపట్నం వైపు, పెడనలో, చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తిది అచ్చు పని కాదు, కలం పని. వెదురు పుల్ల కొస సన్నగా చెక్కి, దానిమీద కాస్త వెనకగా ఉన్నియో గుడ్డో చుట్టి దారం కడతారు. రంగు ఆ చుట్టలో నిలుస్తుంది, నొక్కితే కొసకు దిగుతుంది. ఆ కలంతో గుళ్ళకోసం పెద్దపెద్ద గుడ్డలమీద రామాయణం, భారతం గీసేవాళ్ళు. నడుమ ఒక పెద్ద బొమ్మ, పట్టాభిషేకం లాంటిది. దాని చుట్టూ వరసలు వరసలుగా చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. గడి అంచున సన్నటి పట్టీలో ఏం జరుగుతోందో తెలుగులో రాసి ఉంటుంది. 19వ శతాబ్దంలో అక్కడ గీసిన ఇలాంటి రామాయణం గుడ్డ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఇది విజువల్ నావెల్ కాకపోతే ఏమిటి? బొమ్మ ఉంది, డబ్బాలో మాట ఉంది, వరస ఉంది. పైగా ముగింపు నట్టనడుమ, అన్నిటికంటే పెద్దగా గీసి పెట్టారు. స్పాయిలర్ అని గోలచేసే మనలాంటివాళ్ళని చూసి ఆ గీసినాయన ఏమనుకునేవాడో. పట్టాభిషేకం జరుగుతుందని ముందే చూపించి, ఇప్పుడు చుట్టూ తిరిగి రా, ఎట్లా జరిగిందో చూడు అంటున్నాడు. మా అవ్వ పదిహేడో రాత్రి లెక్కా ఇదే.

(పోలిక మరీ సాగదీయను. గుడ్డ మన ఎంపికలు అడగదు. మన దగ్గర అది బేతాళుడి పని, నోరు తెరిచినా చిక్కే, తెరవకపోయినా చిక్కే.)

పని పద్ధతి వింటే మన ఉద్యోగాల మీద కాస్త సిగ్గేస్తుంది. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండబెడతారు. పాలు లేకపోతే రంగు పాకిపోతుంది. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో చిత్తు గీత. తర్వాత కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజులతరబడి పులియబెడితే వచ్చే ద్రవం అది. కరక్కాయ పట్టిన గుడ్డమీద కలంతో గీస్తే నల్లబడుతుంది. ఆ నలుపు మళ్ళీ పోదు. అన్‌డూ లేదు, సేవ్ పాయింట్ లేదు. అక్షరాలు రాసేదీ దాంతోనే, కాబట్టి అచ్చుతప్పు పడితే అది గుడ్డ ఉన్నంతకాలం ఉంటుంది. ఎర్ర రంగుకు పటిక పూసి, రంగునిచ్చే వేరుతో ఉడకబెట్టాలి. మధ్యమధ్యలో పారే నీళ్ళలో ఉతకాలి. అందుకే ఈ పని స్వర్ణముఖి ఒడ్డున నిలబడింది. ఏడాదిలో చాలా నెలలు స్వర్ణముఖి ఇసుకే కనిపిస్తుంది, అది వేరే కథ.

గుళ్ళనుంచి, జమీందార్ల నుంచి అడిగేవాళ్ళు తగ్గాక ఇరవయ్యో శతాబ్దం మధ్యకి పని తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోబట్టి 1950ల చివర్లో అక్కడ ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. ఇవాళ కాళహస్తిలో కలం పట్టినవాళ్ళలో చాలామంది ఆ కేంద్రం తర్వాతి తరాలవాళ్ళే. తండ్రి లక్ష్మయ్య గారి దగ్గర నేర్చుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. పని బతికింది. కానీ కొనేవాళ్ళు మారారు. చీర పమిటమీద రామాయణం గళ్ళు ఎవరు చదువుతారు?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కాళాస్త్రిలో రెండు మూడు చోట్ల తిరిగాను. నెమళ్ళు, చెట్లు, బుద్ధుడు, రాధాకృష్ణులు. అక్షరాలున్న గుడ్డ ఒక్కటీ బయట కనబడలేదు. ఒకాయన్ని అడిగాను, అక్షరాలు రాయరా అన్నా అని.

"రాస్తాం. ఎవురైనా ఆర్డర్ ఇస్తే. రాసేదానికి బొమ్మంత టైమ్ పట్టిద్ది. కొనేవోళ్ళలో సగంమందికి తెలుగు రాదు. వచ్చినోళ్ళు చదవరు. అది తీసేసి రేటు తగ్గించు అంటారు."

ఆ మాట నాకు గుచ్చుకోవడానికి కారణం ఉంది. 2021లో, ఇంటినుంచి పనిచేసే రోజుల్లో, తెలుగులో ఒక చిన్న విజువల్ నావెల్ చేద్దామని కూర్చున్నాను. వాడింది రెన్‌పై. టామ్ రోథమెల్ 2004లో మొదలుపెట్టిన ఉచిత ఇంజన్, పైథాన్ మీద నడుస్తుంది. డోకి డోకి, స్లే ద ప్రిన్సెస్, రెండూ దాంట్లో చేసినవే. 'కతావా షోజొ' కూడా. ఒక జపాన్ చిత్రకారుడు గీసిన ఒకే ఒక్క పేజీ స్కెచ్ చూసి, 2007లో వేర్వేరు దేశాలవాళ్ళు ఇంటర్నెట్లో గుంపుకట్టి మొదలుపెట్టిన గేమ్ అది. మొదటి అంకం 2009లో, పూర్తి గేమ్ 2012 జనవరి 4న వచ్చాయి. ఐదేళ్ళు పని, అమ్మకం సున్నా, ఉచితం. ఎదురుచూసినవాళ్ళు ఐదేళ్ళూ చూశారు. ఇది చదివి, వాళ్ళు చేయగా లేంది నేను చేయలేనా అనుకున్నా.

మొదటి సీన్ స్వర్ణముఖి ఒడ్డు. పేరు టైప్ చేసి రన్ కొట్టాను. తెరమీద "స్‌వర్‌ణముఖి" అని వచ్చింది. వత్తులన్నీ విడిపోయి, పొల్లులన్నీ నెత్తికెక్కి. ఫాంట్ తప్పేమో అని నాలుగు ఫాంట్లు మార్చాను. ఫాంట్ తప్పు కాదు. తెలుగులో అక్షరాలు పక్కపక్కన పేర్చేస్తే సరిపోదు. స, పొల్లు, వ అని మూడు కోడ్‌లు వస్తే వాటిని కలిపి 'స్వ' అని ఒక రూపం చెయ్యాలి. ఆ పని చేసేది షేపింగ్ ఇంజన్. అప్పటి రెన్‌పైలో మన లిపులకి అది లేదు. విండోస్ ఎక్స్‌పీలో కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్ళు ఎక్కిస్తేగానీ తెలుగు కుదురుగా కనబడేది కాదని మా సీనియర్లు చెప్తుంటే పాతరాతియుగం కబుర్లనుకునేవాణ్ణి. సరిగ్గా అదే గోతిలో నేనూ పడ్డాను. ప్రతి వాక్యాన్నీ బొమ్మగా చేసి పెడదామా అనుకున్నా. నలభై వాక్యాలు చేసి విసుగొచ్చి, వదిలేశాను. అంటే కాళాస్త్రి చీర కొనేవాళ్ళలాగే నేనూ అక్షరాలు కష్టమని తీసేశానన్నమాట.

2023 జూలై 31న 'వెన్బా' వచ్చింది. టొరంటోలో విసై గేమ్స్ అనే చిన్న బృందం చేసింది. 1980ల్లో కెనడాకి వలసపోయిన తమిళ కుటుంబం, చిరిగి మాసిపోయిన అమ్మ వంటల పుస్తకం, అందులో చెరిగిపోయిన ముక్కల్ని ఊహించి ఇడ్లీ, పుట్టు చెయ్యాలి. రెండు గంటల్లో అయిపోతుంది. మా చిత్తూరువాళ్ళకి అరవం సగం సొంతభాషే కాబట్టి నాకది ఇంట్లో కథలాగే అనిపించింది. మరుసటేడు ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతీ, తొలి గేమ్ విభాగంలో బాఫ్టా దానికే వచ్చాయి. సంతోషించాను, కాస్త కుళ్ళుకున్నాను కూడా, దాచుకోవడమెందుకు.

ఆ తర్వాత రెన్‌పై 8.2 వెర్షన్‌లో హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజన్ చేర్చారు. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు కుదురుగా కనబడ్డానికీ అదే ఆధారం. పాత ఫోల్డర్ తెరిచి, బొమ్మలుగా చేసిన ఆ నలభై వాక్యాలూ పడేసి, మళ్ళీ రన్ కొట్టాను. స్వర్ణముఖి. వత్తు వత్తు దగ్గర, గుణింతం గుణింతం దగ్గర.

సంక్రాంతికి కాళాస్త్రిలో ఆ అన్నకి ఫోన్లో చూపించాను దాన్నే. మొదటి సీన్, రెండో సీన్ వేలితో నొక్కుకుంటూ చదివాడు. పైకే చదివాడు, బడిపిల్లాడిలాగ. తర్వాత ఫోన్ కొంచెం దూరంగా పెట్టి చూసి, "మాటలు ఇంత లావుగా ఎందుకు పెట్టినావు? మనిషి కాళ్ళు కనబళ్ళా" అన్నాడు.

డబ్బా ఎత్తు మూడోవంతు తగ్గించాను. మూడో సీన్ ఇంకా రాయాలి.