గురక నుంచి వ్యాధి నిర్ణయం దాకా: యువతలో నిద్రాశ్వాస లోపాల చరిత్ర

నిద్రలో గొంతు వెనుకనున్న మెత్తని కండరాలు సడలి, గాలి పోయే దారి సన్నబడటం వల్ల గానీ పూర్తిగా మూసుకుపోవడం వల్ల గానీ ఊపిరి మాటిమాటికీ తగ్గిపోయే, ఆగిపోయే స్థితులన్నింటినీ కలిపి నిద్రాశ్వాస లోపాలు అంటారు. వీటిలో తేలికైనది రోజూ వచ్చే గురక. తీవ్రమైనది అవరోధక నిద్రాశ్వాస విరామం, అంటే ఛాతీ, పొట్ట గాలి కోసం పెనుగులాడుతున్నా పెద్దవారిలో కనీసం పది సెకన్ల పాటు ఊపిరితిత్తులకు గాలి అందని స్థితి. ఈ వ్యాధిని వైద్యం ఒకసారి చిన్నపిల్లల్లో గుర్తించి మరచిపోయింది, మరొకసారి నడివయసు స్థూలకాయుల్లో గుర్తించి అక్కడే ఆగింది. ఈ రెండింటికీ నడుమ ఉన్న కౌమారం, తొలి యౌవనం చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు.

గొంతులో అడ్డు ఏర్పడితే శ్వాసకు ఇబ్బంది కలుగుతుందన్న ఎరుక మాత్రం పాతదే. సుశ్రుత సంహిత అంగిలి వ్యాధుల్లో తుండికేరిని, గలశుండికను పేర్కొని, రెండోదానిలో దప్పిక, దగ్గు, ఆయాసం కలుగుతాయని చెప్పి, దానికి శస్త్రచికిత్సను కూడా వివరించింది. ఐరోపాలో 1868లో కోపెన్‌హాగన్ వైద్యుడు విల్హెల్మ్ మేయర్ ముక్కు వెనుక పెరిగే అడినాయిడ్ కణజాలాన్ని వర్ణించగా, 1889లో విలియమ్ హిల్ బడిపిల్లలు చదువులో వెనుకబడటానికి నోటితో గాలి పీల్చడం ఒక కారణమని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వాదించాడు. 1892లో వెలువడిన విలియమ్ ఆస్లర్ వైద్య గ్రంథం టాన్సిల్స్ పెరిగిన పిల్లల్లో పెద్ద గురకను, నడుమ ఊపిరి నిలిచిపోవడాన్ని, పగటి మందకొడితనాన్ని వరుసగా నమోదు చేసింది. అయితే ఇరవయ్యో శతాబ్దంలో టాన్సిల్స్ తొలగింపు మాటిమాటికీ వచ్చే గొంతునొప్పికి చేసే శస్త్రచికిత్సగా స్థిరపడి, యాంటీబయాటిక్స్ వచ్చాక అదీ తగ్గుముఖం పట్టడంతో, పిల్లల నిద్ర గురించిన ఆ పరిశీలన మరుగున పడింది.

పెద్దల్లో ఈ కథ స్థూలకాయంతో మొదలైంది. 1836–37లో చార్లెస్ డికెన్స్ రాసిన పిక్విక్ పేపర్స్ నవలలో నిలుచున్నచోటే నిద్రపోయే లావుపాటి కుర్రవాడు జో ఒక పాత్ర. 1956లో వైద్యుడు బర్వెల్, ఆయన సహచరులు అతి స్థూలకాయంతో పాటు పగటినిద్ర, శ్వాసమాంద్యం కలిసి కనిపించే స్థితికి పిక్విక్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. వారు వర్ణించిన రోగి పేకాటలో గెలిచే ముక్కలు చేతికి వచ్చినా కునుకుపట్టి ఆట పోగొట్టుకున్నవాడు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకోవడమే ఆ మగతకు కారణమని వారు భావించారు. నవలలోని పాత్ర కుర్రవాడే అయినా, ఆ పేరుతో వైద్యులు వెతికింది నడివయసు వారినే.

ఆ భావనను 1965 మార్చింది. ఫ్రాన్సులో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా ఇలాంటి రోగుల మెదడు తరంగాలను, శ్వాసను రాత్రంతా ఒకేసారి నమోదు చేసి, ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు క్షణకాలం మేల్కొని గొంతును తెరుస్తోందని, అలా నిద్ర ముక్కలైపోవడం వల్లనే పగలు మగత కమ్ముతోందని చూపారు. ఈ పరీక్షకే తరువాత పాలీసామ్నోగ్రఫీ అనే పేరు స్థిరపడింది: తలకు, కళ్ల పక్కన, గడ్డానికి తీగలు అతికించి, ముక్కు దగ్గర గాలి ప్రవాహాన్ని కొలిచే గొట్టం, ఛాతీకీ పొట్టకీ పట్టీలు, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి రోగిని రాత్రంతా పడుకోబెడతారు. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియన్ గిల్మినో, విలియమ్ డిమెంట్ 1976లో ఈ వ్యాధిని నిర్వచించిన ఏడాదే, అయిదు నుంచి పద్నాలుగేళ్ల లోపు ఎనిమిది మంది పిల్లల్లో కూడా ఇది ఉన్నట్లు వెల్లడించారు. పగటినిద్ర, చదువులో దిగజారుడు, పక్క తడపడం, పొద్దున్నే తలనొప్పి, రక్తపోటు వారిలో కనిపించిన లక్షణాలు. హిల్, ఆస్లర్ చూసినదానికి ఎనభై ఏళ్ల తరువాత ఇలా కొలతలతో కూడిన రుజువు దొరికింది.

చికిత్సకు తొలినాళ్లలో ఉన్న దారి గొంతుకు రంధ్రం చేయడం ఒక్కటే. 1981లో రెండు మార్గాలు తెరుచుకున్నాయి. ఫుజితా అనే వైద్యుడు ప్రవేశపెట్టిన శస్త్రచికిత్స కొండనాలుకనూ దాని చుట్టూ ఉన్న మెత్తని అంగిలినీ కత్తిరించేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత అంత అన్యాయం జరగకపోయినా, ఆశించిన ఫలితం ఎందరికో దక్కలేదు. సిడ్నీలో కోలిన్ సలివాన్ అయిదుగురు రోగులకు ముక్కు ద్వారా నిరంతరం స్వల్ప పీడనంతో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా నిలిపాడు; సీపాప్ అనే ఆ యంత్రమే నేటికీ పెద్దలకు ప్రధాన చికిత్స. పిల్లలకు మాత్రం టాన్సిల్స్, అడినాయిడ్ తొలగింపే మొదటి మార్గంగా నిలిచింది.

ఈ చరిత్రలో తెలుగువారి వాటా ఒకటుంది. గుంటూరు జిల్లా నుంచి అమెరికా వెళ్లి బోస్టన్‌లో మత్తు వైద్యుడిగా పనిచేసిన శేషగిరిరావు మల్లంపాటి, శస్త్రచికిత్సకు ముందు శ్వాసనాళంలో గొట్టం వేయడం ఎవరికి కష్టమవుతుందో ముందే కనిపెట్టే పద్ధతిని 1985లో ప్రచురించాడు. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక చాపమని, లోపల కొండనాలుక, దాని పక్క స్తంభాలు, మెత్తని అంగిలి ఎంతవరకు కనిపిస్తున్నాయో చూడటమే ఆ పరీక్ష. ఆయన చేసిన మూడు తరగతులకు 1987లో నాలుగోది చేరింది. నాలుక పెద్దదై దారి ఇరుకైనప్పుడు గొట్టానికి తగిలే అడ్డే నిద్రలో గాలికీ తగులుతుంది కనుక, 2006లో వెలువడిన ఒక అధ్యయనం ఈ తరగతి ఒక్కొక్క మెట్టు పెరిగేకొద్దీ నిద్రాశ్వాస విరామం ఉండే అవకాశం రెట్టింపుకు మించి పెరుగుతోందని తేల్చింది. ఏ పరికరమూ అక్కర్లేని ఈ పరీక్ష పల్లెటూరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా చేయదగినది.

వ్యాధి ఎంతమందిలో ఉందో లెక్కించిన అధ్యయనాల్లోనే అసలు లోటు బయటపడుతుంది. 1993లో విస్కాన్సిన్ పరిశోధకులు పురుషుల్లో 24 శాతం, స్త్రీలలో 9 శాతం మందికి నిద్రలో గంటకు అయిదు, అంతకు మించి శ్వాస అంతరాయాలు ఉన్నాయని తేల్చారు. వారు తీసుకున్న వయసు 30 నుంచి 60 ఏళ్లు. 2004లో ముంబైలో ఉద్వాడియా బృందం చేసిన అధ్యయనంలో పురుషుల్లో 19.5 శాతం మందికి ఈ లోపం కనిపించింది. అక్కడా నడివయసు వారినే తీసుకున్నారు. పిల్లల్లో టాన్సిల్స్ శస్త్రచికిత్స ఫలితాలను పరీక్షించి 2013లో వెలువడిన పెద్ద అమెరికా ప్రయోగం అయిదు నుంచి తొమ్మిదేళ్ల వారికి పరిమితం. ఈ వ్యాధి ముప్పును అంచనా వేసేందుకు 2008లో వచ్చిన ఎనిమిది ప్రశ్నల స్టాప్-బ్యాంగ్ పట్టికలో యాభై దాటిన వయసుకే ఒక మార్కు ఉంటుంది, అది యువతకు దక్కదు. కొలమానంలోనూ ఇదే తికమక: పిల్లల్లో గంటకు ఒక్క అంతరాయమే వ్యాధి సూచన, పెద్దల్లో అయిదు, పదమూడేళ్లు దాటిన పిల్లలకు ఏ కొలత వాడాలో వైద్యుడి నిర్ణయానికే వదిలారు.

ఈ వయసులో కారణాలు కూడా మారుతుంటాయి. చిన్నతనంలో టాన్సిల్స్, అడినాయిడ్ ప్రధానమైతే, కౌమారంలో అవి కుంచించుకుపోతూ ఊబకాయం వాటి స్థానాన్ని ఆక్రమిస్తుంది. అలెర్జీతో ఎప్పుడూ ముక్కు దిబ్బడ, ఉబ్బసం, చిన్న దవడ, ఇంట్లో పొగాకు పొగ, నెలలు నిండకుండా పుట్టడం తక్కిన హేతువులు. మెడచుట్టూ కొవ్వు చేరడం, మద్యం, పొగతాగడం యౌవనంలో జతపడతాయి. భారతీయుల్లో తక్కువ బరువుకే పొట్ట, మెడ దగ్గర కొవ్వు చేరుతుంది కనుక, చూడటానికి లావుగా లేనివారిని కూడా ఈ జాబితా నుంచి తప్పించలేం.

ఉదాహరణకు కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతాన్ని ఈ హేతువుల వెలుగులో చూస్తే రెండు మార్పులు కనిపిస్తాయి. మొదటిది తిండి. జొన్న, కొర్ర, రాగిసంగటితో గడిచిన మెట్ట పల్లెల్లో 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం తరువాత వరి అన్నమే రోజువారీ తిండి అయింది. ఆకలి తీరింది, అయితే ఒంటి శ్రమ తగ్గిన కొద్దీ బరువు పెరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో మూడో వంతుకు పైగా అధిక బరువు ఉన్నవారే. రెండోది దుమ్ము. ఇక్కడి బతుకు నాపరాయి, సున్నపురాయి, సిమెంటు మీద నిలిచినది. బండల కోత మిషన్ దగ్గర నీళ్లు పోస్తూ కోసినంతసేపు పొడి పెద్దగా లేవదు గానీ, ఆ నీళ్లతో కొట్టుకొచ్చి కుప్పలుగా చేరిన బురద ఎండాక వేసవి గాలికి పిండిలా లేస్తుంది. రాతిపొడి వల్ల ఊపిరితిత్తులకు కలిగే సిలికోసిస్ వేరే వ్యాధి. కానీ ముక్కుపొరను వాచేలా చేసే ఏ దుమ్మైనా నోటితో ఊపిరి పీల్చే అలవాటును పెంచి, నిద్రలో గొంతు కుంగిపోవడానికి దోహదం చేస్తుంది. సిమెంటు లారీ మీద రాత్రి ప్రయాణాలు చేసే పాతికేళ్ల డ్రైవరుకు పగటి కునుకు సొంత ఆరోగ్య సమస్యగానే మిగలదు, రోడ్డు మీద ఎదురయ్యే వారందరికీ ప్రమాదమే.

ఎండాకాలం ఇంటిల్లిపాదీ మిద్దె మీద పడుకునే ఈ సీమలో ఎవరి గురక ఎలాంటిదో ఇంటివారికి తెలియనిది కాదు. దానిని గాఢనిద్రకు గుర్తుగా లెక్కించడమే పొరపాటు. రాత్రిళ్లు గురక పెడుతూ నడుమ ఊపిరి బిగపట్టే, నోరు తెరిచి నిద్రపోయే, పగలు తరగతిలో తూగే పిల్లవాడిని బద్ధకస్తుడని తిట్టే ముందు ఒకసారి ముక్కు, చెవి, గొంతు వైద్యుడికి చూపాలి. 2006లో మొదలైన కడప రిమ్స్ వంటి బోధనాసుపత్రుల్లో ఈ విభాగం ఉంటుంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను పరీక్షించే బృందాలు గురక గురించిన ఒక ప్రశ్నను, నోరు తెరిపించి చూసే మల్లంపాటి పరీక్షను కూడా చేర్చుకుంటే, నూటముప్పై ఏళ్లుగా నడుమ జారిపోతూ వస్తున్న ఈ వయసువారు వైద్యం లెక్కలోకి వస్తారు. ఆ పని ఖర్చుతో కూడినది కాదు, వెంటనే మొదలుపెట్టదగినది.