రెండు 1955లున్న పెన్నీ

1955. అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో రాత్రి షిఫ్టు. ప్రెస్సుల వరుస మధ్య నిలబడ్డారు మీరు. పక్కనున్న మనిషి చెవి దగ్గరికొచ్చి అరిస్తేగానీ మాట వినపడదు. రాగి బిళ్ళ రెండు అచ్చుల మధ్యకి జారుతుంది. ఒకే ఒక్క దెబ్బ. ఒకవైపు లింకన్ తల, మరోవైపు గోధుమ కంకులు. వెడల్పు 19 మిల్లీమీటర్లు, బరువు 3.11 గ్రాములు. అది తొట్టిలో పడేలోపే ఇంకోటి తయారు.

తనిఖీదారు తొట్టిలోంచి ఒక పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, తీసి వెలుతురులో పెట్టాడు. కళ్ళు చికిలించాడు. మీరూ తొంగిచూడండి. 1955 అంకెలు రెండేసి కనిపిస్తున్నాయి. ‘లిబర్టీ’ అన్న అక్షరాల వెనక మరో ‘లిబర్టీ’. పైన ‘ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్’ కూడా అంతే. వెంటనే ప్రెస్సు ఆపించాడు.

తప్పు ప్రెస్సుది కాదు, అచ్చుది. ఉక్కు దిమ్మె మీద మూల అచ్చుని ఒకసారి నొక్కితే బొమ్మ పూర్తిగా దిగదు. నొక్కిన ఒత్తిడికి ఉక్కు గట్టిపడుతుంది. దాన్ని కాల్చి మెత్తబరిచి మళ్ళీ నొక్కాలి. అలా రెండోసారి నొక్కినప్పుడు రెండూ సరిగ్గా కుదరలేదు, ఒకటి రవ్వంత పక్కకి తిరిగింది. తిరుగుడు అంచు దగ్గరే ఎక్కువ తెలుస్తుంది కాబట్టి అంచునున్న అక్షరాలు జంటలయ్యాయి. నడుమ ఉన్న లింకన్ ముఖానికి దాదాపు ఏమీ కాలేదు.

ప్రెస్సు ఆగేసరికి దాదాపు 40 వేలు అచ్చయిపోయాయి. వాటిలో సగానికి పైగా, పక్క ప్రెస్సుల నుంచి వచ్చిన మంచి నాణేలతో కలిసిపోయాయి. ఏరుతూ కూర్చోలేరు, మొత్తం కరిగించడానికి చేతులు రావు. విడిగా ఉన్నవాటిని కరిగించి, కలిసినవాటిని బయటికి పంపేశారు. ఒక్కోటి సెంటే కదా!

పదండి, అప్పటి మసాచుసెట్స్‌లో సిగరెట్లు అమ్మే ఒక యంత్రం ముందుకి. పెట్టె ధర 23 సెంట్లు. యంత్రం మింగేది 25 సెంట్ల నాణెం. చిల్లర తిరిగివ్వడం దానికి రాదు. అందుకే పెట్టె మీది పల్చని పొరలో ముందే రెండు పెన్నీలు దూర్చి ఉంచారు. మీరు మీట లాగారు, పెట్టె కింద పడింది. పొర చించితే రెండు పెన్నీలు అరచేతిలోకి జారాయి. వాటిలో ఒకదాని మీద చూపు ఆగిపోయింది. ఈ జంట అక్షరాల పెన్నీలు జనం చేతికి చిక్కింది చాలావరకు ఇలాగే.

ఇప్పుడు నేటి అమెరికాలో ఒక నాణేల ప్రదర్శన. బల్ల అవతలి వ్యాపారి పదింతలు పెద్దగా చూపే భూతద్దం మీ చేతికిచ్చాడు.

“ముందు సంవత్సరం కింద చూడండి.”

అక్కడ ‘డి’ ఉంటే డెన్వర్, ‘ఎస్’ ఉంటే శాన్ ఫ్రాన్సిస్కో, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. మన రూపాయి మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా అన్నట్టే. కాబట్టి ‘డి’ ఉన్న 1955 పెన్నీ ఈ జంట అక్షరాల పెన్నీ కానే కాదు.

వ్యాపారి రెండు పెన్నీలు పక్కపక్కన పెట్టాడు. రెంటిమీదా గుర్తు లేదు. మొదటిదానిలో చివరి 5 అంకె పక్కన మాత్రమే సన్నని నీడ. అరిగిన అచ్చు చేసిన పని అది. డై అంటే అచ్చు. దీన్ని ‘పేదవాడి డబుల్ డై’ అంటారు, కొన్ని డాలర్లకే వస్తుంది. రెండోదానిలో అక్షరాలన్నీ విడివిడిగా, స్పష్టంగా రెండేసి. చలామణిలో కొంత అరిగినా వెయ్యి డాలర్లకు పైనే పలుకుతుంది.

“రుద్ది కడిగింది తెస్తే మాత్రం అంత ఇవ్వను,” అన్నాడు వ్యాపారి. తోమిన మెరుపుని భూతద్దం ఇట్టే పట్టేస్తుంది. నకిలీ నాణేలూ బజార్లో ఉన్నాయి. అందుకే పెద్ద ధర పెట్టేవాళ్ళు పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు పరీక్షించి సీలు చేసినవే అడుగుతారు.

ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో అచ్చయిన పెన్నీలు 33 కోట్లకు పైనే. వాటిలో మామూలువాటికి ఇవాళ్టికీ విలువ కొన్ని సెంట్లే. పాతదైనంత మాత్రాన ఏ నాణెమూ ధర పలకదు. 2025 నవంబరులో అదే ఫిలడెల్ఫియాలో చలామణి పెన్నీల ముద్రణ ఆగిపోయింది. అమెరికాలో ఉన్న మీవాళ్ళ ఇంట్లో చిల్లర డబ్బా ఉంటే బ్యాంకులో పోసేముందు ఒకసారి తిరగేయమనండి. ముందు గుర్తు, తర్వాత అక్షరాలు చూడమనండి. తోమవద్దని మాత్రం మరీ మరీ చెప్పండి.